సున్న చుట్టూ మెట్లు

మా ఊరి గ్రంథాలయం స్వర్ణోత్సవ సంచికకు నేను సంపాదకుణ్ణి. సంపాదకుడంటే పెద్ద మాట. వ్యాసాలు అడిగి తెప్పించడం, ఇస్తానని ఇవ్వనివాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళడం, చివరి పదిరోజులూ డీటీపీ సెంటర్లో ఆపరేటర్ పక్కన స్టూలు వేసుక్కూచోవడం, ఇదీ పని. అవి పేజ్‌మేకర్, అను ఫాంట్ల రోజులు. అట్ట మీద గ్రంథాలయం ముద్ర వెయ్యాలి. ఒక వలయం, దాని మధ్య ప్రమిద, ప్రమిద కింద తెరిచిన పుస్తకం. కార్యదర్శి మాస్టారు ఆ ముద్రను ఎవరిచేతనో గీయించి సీడీలో తెచ్చారు. ఈపీఎస్ ఫైలు. పేజీలో పెట్టగానే వలయం అంచంతా రంపప్పళ్ళు.

"స్క్రీన్ మీద అంతే సార్, ఫిల్ముకెళ్తే నీట్‌గా వస్తుంది" అన్నాడు ఆపరేటర్ కుర్రాడు.

"ఏదీ, ఒక ప్రింటు తియ్యి బాబూ" అన్నారు మాస్టారు.

షాపులో ఉన్న చిన్న లేజర్ ప్రింటర్‌లో తీశాడు. కాయితం మీదా పళ్ళే. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూసి, ఏమీ అనకుండా కాయితం నా చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది. కుర్రాడికి రోషం వచ్చింది. అదే ముద్రను ఫొటోషాప్‌లో తెరిచి, అంగుళానికి 150 చుక్కల జేపెగ్‌గా మార్చి పేజీలో పెట్టాడు. తెర మీద వలయం నున్నగా తిరిగింది. ప్రింటు తీస్తే పళ్ళు పోయాయి, అంచు మటుకు కాస్త మసగ్గా ఉంది. టోనర్ అయిపోవచ్చిందేమో అనుకున్నాం. మాస్టారు తల ఊపారు. పది రోజుల తర్వాత వెయ్యి కాపీలు కట్టలు కట్టి వచ్చాయి. మెరిసే ఆర్ట్ కార్డు అట్ట మీద మా వలయం గొంగళిపురుగు చుట్ట చుట్టుకున్నట్టుంది.

ప్రెస్సువాళ్ళ తప్పేమీ లేదు. కుర్రాడు మొదట చెప్పిన మాటే సరైనది. చూడ్డానికి చెడ్డగా ఉన్న ఫైలు మంచిది, కంటికి నచ్చిన ఫైలు చెడ్డది. ఇలా ఎందుకవుతుందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సున్న దగ్గర మొదలుపెడదాం. పిల్లల గ్రాఫ్ కాయితం ఒకటి తీసుకుని, దాని మీద ఒక గాజు పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. ఇప్పుడు ఒక నియమం పెట్టుకుందాం. గడిలో సగానికి మించి గీత లోపలుంటే గడి మొత్తం నల్లగా నింపాలి. సగం కంటే తక్కువుంటే మొత్తం తెల్లగా వదిలెయ్యాలి. సగం నలుపు, సగం తెలుపు కుదరదు. నింపడం అయ్యాక పెన్సిల్ గీత చెరిపేస్తే మిగిలేది గుండ్రం కాదు, చుట్టూ మెట్లు కట్టిన కోనేరు.

మెట్లన్నీ ఒక్కలా లేవు, గమనించండి. వంపు సరిగ్గా 45 డిగ్రీల వాలులో ఉన్నచోట ఒక గడి పక్కకు, ఒక గడి కిందికి. పళ్ళు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. చూపు సర్దుకుపోతుంది. సున్న నెత్తి మీద, అడుగున, అటూ ఇటూ పక్కల మీద సంగతి వేరు. అక్కడ గీత దాదాపు అడ్డంగానో దాదాపు నిలువుగానో పోతోంది. పది గడులు చదునుగా పోయి హఠాత్తుగా ఒక గడి దిగుతుంది. కన్ను వెళ్ళి పడేది అక్కడే. రంపప్పళ్ళు కనపడుతున్నాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు ఈ నాలుగు చోట్లా చూస్తాను.

ఆంగ్లంలో ఇ, ఎఫ్, హెచ్, టి లాంటి అక్షరాలు గళ్ళలో చక్కగా ఇమిడిపోతాయి. మనకు ఆ వెసులుబాటు లేదు. ర, ఠ, ల, న, ఏది పట్టుకున్నా వంపే. అంగుళానికి 72 చుక్కలుండే పాత తెర మీద 10 పాయింట్ల తెలుగు సున్నకు అడ్డంగా దొరికేవి అయిదారు చుక్కలు. అయిదారు చుక్కల్లో గుండ్రం తిప్పమంటే ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు అలవోకగా వేసే మా అమ్మ కూడా చేతులెత్తేస్తుంది. అసలు ముగ్గులో చుక్క చేసే పని వేరు. అక్కడ చుక్క దారి చూపిస్తుంది, గీత దాని చుట్టూ తన ఒయ్యారంతో తాను తిరుగుతుంది. తెర మీద గీత లేనే లేదు. ఉన్నవన్నీ చుక్కలే.

కంప్యూటర్ కోసం ఫొటోను గళ్ళలోకి కోసిన మొదటి మనిషి రసెల్ కిర్ష్. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో, తన మూడు నెలల కొడుకు వాల్డెన్ ఫొటోను తిరిగే డ్రమ్ముకు చుట్టి, సీయాక్ అనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అయిదు సెంటీమీటర్ల చదరం ఫొటో. 176 వరసలు, వరసకు 176 చుక్కలు, మొత్తం 30,976. ఒక్కో చుక్క నలుపో తెలుపో, మధ్యస్థం లేదు. బూడిదరంగు ఛాయలు రావడానికి అదే ఫొటోను వేర్వేరు వెలుగు హద్దులతో మళ్ళీ మళ్ళీ స్కాన్ చేసి కలిపారు. గళ్ళు చదరంగా ఉండి తీరాలని ఏమీ లేదు, అలా ఉండటం అప్పటికి సబబుగా తోచింది. ఆ నిర్ణయం కిర్ష్‌ను చాలాకాలం వేధించినట్టుంది. ఎనభై దాటాక, 2010లో, చిత్రంలోని వంపుల్ని బట్టి రకరకాల ఆకారాల్లో ముక్కలు కోసే పద్ధతి ఒకటి ప్రచురించాడు. ప్రపంచం అప్పటికే చదరాలకు అలవాటు పడిపోయింది.

చుక్క, అంటే పిక్సెల్, చదరమే అన్నదానికి ఎదురుమాట కూడా ఉంది. కంప్యూటర్ చిత్రకళ తొలితరం పెద్దల్లో ఒకడైన ఆల్వీ రే స్మిత్ 1995లో ఒక పత్రం రాశాడు. పిక్సెల్ అంటే చిన్న చదరం కాదు అన్నదే దాని శీర్షిక. మన వాతావరణ శాఖ పొద్దున్న 8.30కి కొలత తీసుకుంటుంది కదా, ఆ అంకె ఆ క్షణానిది. రేపు 8.30 దాకా ఊరంతా అదే వేడి ఉందని కాదు. పిక్సెల్ కూడా అంతే, ఒక బిందువు దగ్గర తీసుకున్న వెలుగు కొలత. దాన్ని చదరపు పలకగా పరిచేది తెరో ప్రింటరో, అంటే చూపించే యంత్రం. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపిస్తుంది. కొలత తీసుకున్నప్పుడు చదరం లేదు. మనదాకా వచ్చేసరికి ఉంది. మధ్యలో ఎవరో పెట్టారు. పేజీ కట్టేవాడి పనల్లా ఆ ఎవరో ఎవరని పట్టుకోవడమే.

ఇంత చిన్న మెట్టు కంటికి ఎందుకు ఆనుతుంది? ఆరోగ్యంగా ఉన్న కన్ను విడివిడిగా పోల్చుకోగలిగే వివరం సుమారు ఒక కోణ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. పుస్తకం 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది 0.087 మిల్లీమీటర్లు. అంగుళానికి 290 చుక్కలన్నమాట. ఫొటోలకు 300 ఉంటే చాలు అనే డీటీపీ వేదవాక్కు ఈ లెక్కకు సరిగ్గా పక్కనే ఉంటుంది. మరైతే అంగుళానికి 300 చుక్కలు కొట్టే తొలినాటి లేజర్ ప్రింటర్లలో అక్షరాల అంచులు నలిగినట్టు ఎందుకు కనపడేవి?

తొమ్మిదో తరగతిలోనో పదిలోనో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నవాళ్ళకు జవాబు సగం తెలుసు. రెండు స్కేళ్ళ మీది గీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, అవి కలిశాయా, వెంట్రుకవాసి జరిగాయా అన్నది మన కన్ను అమోఘంగా పట్టేస్తుంది. రెండు చుక్కల్ని విడిగా చూడటానికి ఒక నిమిషం కోణం కావాలి. ఒక గీత జారిందా లేదా చెప్పడానికి అందులో ఆరో వంతు, ఇంకా తక్కువ, అయిదు నుంచి పది సెకన్ల కోణం చాలు. కంటి తెర మీద వెలుగును పట్టే కణాల మధ్య దూరం కంటే ఇది తక్కువ. ఒక్క కణం చేసే పని కాదిది, ఎన్నో కణాల కబుర్లు కలిపి మెదడు చేసే గణితం. జెరాల్డ్ వెస్ట్‌హైమర్ 1975లో దీనికి హైపర్ అక్యూటీ అని పేరు పెట్టాడు. మెట్టు అంటే జారిన గీతే కదా. కాబట్టి మెట్ల విషయంలో మనందరివీ డేగ కళ్ళు. పది సెకన్ల కోణం 30 సెంటీమీటర్ల దూరంలో 0.015 మిల్లీమీటర్లు. ఫిల్ములు, ప్లేట్లు తీసే యంత్రం అంగుళానికి 2400 చుక్కలు కొడుతుంది, ఒక్కో చుక్క 0.0106 మిల్లీమీటర్లు. అక్కడికి వచ్చాకే కన్ను ఓడిపోతుంది.

మెట్లు పోలేదు సుమండీ. అచ్చు పుస్తకంలో అతి నునుపైన అక్షరం చుట్టూ కూడా మెట్లున్నాయి. మనం వాటిని దాటి కిందికి వెళ్ళిపోయామంతే.

తెరకు ఆ సౌకర్యం లేదు, 2400 చుక్కలు తెర మీద పట్టవు. అందుకని అక్కడ వేరే ఉపాయం. 1977లో ఫ్రాంక్ క్రో అనే పరిశోధకుడు కంప్యూటర్ బొమ్మల్లోని ఈ పళ్ళ రోగానికి మూలం ఎక్కడుందో విడమరిచి రాశాడు. పాత సినిమాల్లో జట్కాబండి జోరుగా పోతుంటే చక్రం ఆకులు వెనక్కి తిరుగుతున్నట్టు కనపడతాయి. కెమెరా సెకనుకు 24 సార్లే చూస్తుంది. రెండు చూపుల మధ్య ఒక ఆకు దాదాపు పక్క ఆకు చోటికి చేరిపోతే, చూడని క్షణాల్లో జరిగింది అబద్ధపు కదలికగా బయటపడుతుంది. గడిలో పట్టని వంపు మెట్టుగా బయటపడటం కూడా అదే జాతి అబద్ధం. సరిపడా దగ్గర దగ్గరగా కొలవకపోతే ఇలా దొంగ ఆకారాలు పుడతాయని నైక్విస్ట్, షానన్ల సిద్ధాంతం అప్పటికే చెప్పింది. విరుగుడు ఏమిటంటే, గడిని సగానికి అటా ఇటా అని తేల్చకుండా, అందులో ఎంత భాగం గీత లోపలుందో అంత బూడిదరంగు నింపడం. పావు వంతు లోపలుంటే పావు నలుపు. మెట్టు మూలలో పొగలా ఒక ఛాయ. దూరం నుంచి కన్ను ఆ ఛాయను వంపుగా చదువుకుంటుంది. ఈ రోజు మన ఫోన్లలో తెలుగు అక్షరం నున్నగా కనపడేది ఈ బూడిద పుణ్యమే. పోచంపల్లి చీర మీద చిలక అంచు చూడండి. నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, రంగు ముడి కిందికి కాస్త ఇంకుతుంది. నేసేటప్పుడు గళ్ళు గళ్ళుగా పడాల్సిన అంచు తడిసినట్టు మెత్తగా కరుగుతుంది.

రెండో ఉపాయం నాకు ఇంకా ఇష్టం. అందులో బూడిద లేదు, మోసం లేదు. చుక్కలు పెట్టే పనిని వీలైనంత వాయిదా వెయ్యడమే.

జిరాక్స్ పరిశోధనాలయం నుంచి బయటికొచ్చిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబీ పెట్టారు. వాళ్ళు తయారుచేసిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషలో పేజీ అంటే చుక్కల రాశి కాదు, ఆదేశాల చిట్టా. ఇక్కణ్ణించి అక్కడికి ఈ వంపుతో గీత గియ్యి, లోపల నలుపు నింపు. ఎన్ని చుక్కల్లో గియ్యాలో ఆ చిట్టాలో ఉండదు. అది ప్రింటర్ ఇష్టం. 1985లో యాపిల్ లేజర్‌రైటర్ దాన్ని చదివి 300 చుక్కల్లో గీసింది. లైనోట్రానిక్ ఫిల్ము యంత్రం అదే ఫైలును చదివి వేల చుక్కల్లో గీసింది. అదే ఏడాది సియాటిల్‌లో పాల్ బ్రైనర్డ్ కంపెనీ ఆల్డస్ నుంచి పేజ్‌మేకర్ వచ్చింది. ఆ కంపెనీ పేరు వెనిస్ నగరపు పాతకాలం ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్‌ది. ఆ పేజ్‌మేకరే తర్వాతెప్పుడో మన చిక్కడపల్లి, విజయవాడ సందుల్లో కార్డులు, కరపత్రాలు, కవితా సంపుటాలు కట్టింది.

వంపును ఆదేశంగా ఎలా రాస్తారు? కార్ల బాడీలు గీసుకోవడానికి ఫ్రాన్స్‌లో సిట్రొయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియేర్ బెజియే విడివిడిగా కనిపెట్టిన పద్ధతి అది. మొదలు, చివర రెండు బిందువులు, వంపును అటూ ఇటూ లాగే రెండు కొక్కేలు. కోరెల్‌లో పెన్ను పట్టినవాళ్ళందరికీ ఇది చేతి అలవాటు. ఈ వంపులతో పక్కా వృత్తం గీయడం గణితరీత్యా అసాధ్యం. నాలుగు వంపులు కలిపి గీస్తే వ్యాసార్ధంలో 0.027 శాతం తేడా వస్తుంది. మా గ్రంథాలయం ముద్ర రెండంగుళాల వెడల్పు, వ్యాసార్ధం అంగుళం. తేడా 0.00027 అంగుళం. 2400 యంత్రంలో ఒక చుక్క 0.00042 అంగుళం. తప్పు చుక్కలో దాక్కుంటుంది! అదే ముద్రను 2400 చొప్పున చుక్కలుగా దాచుకోవాలంటే 4800 వరసలు, వరసకు 4800 చుక్కలు, రెండు కోట్ల ముప్ఫై లక్షల పైచిలుకు. వంపులుగా అయితే వలయానికి పన్నెండు బిందువులు.

సీడీలో మాస్టారు తెచ్చిన ఈపీఎస్‌లో ఉన్నది ఈ పన్నెండు బిందువుల వలయమే. మరి తెర మీద పళ్ళెక్కడివి? ఆదేశాల చిట్టాను చదివి గీసే తెలివి పేజ్‌మేకర్‌కు లేదు. ఆ పని ప్రింటర్‌ది. అందుకని ఈపీఎస్ ఫైలులోనే ఒక చిన్న నమూనా బొమ్మను కూడా జతచేస్తారు, సాధారణంగా అంగుళానికి 72 చుక్కలది. పేజీలో బొమ్మ ఎక్కడుందో తెలియడానికే అది. పెళ్ళిచూపుల ముందు పంపే ఫొటో లాంటిది, పిల్ల అదే కాదు. మా కళ్ళకు కనపడింది ఆ నమూనా. సరే, కాయితం మీద కూడా పళ్ళే వచ్చాయేం? షాపులో ఉన్నది పోస్ట్‌స్క్రిప్ట్ తెలియని చవక లేజర్. దానికి చిట్టా చదవడం రాదు, అందుకని నమూనానే అచ్చు కొట్టేసింది. ఫిల్ము యంత్రానికి చిట్టా చదవడం వచ్చు. అక్కడికి వెళ్ళేదాకా ఓపిక పట్టివుంటే వలయం వలయంలాగే వచ్చేది.

పేజ్‌మేకర్ చోటికి వచ్చిన ఇప్పటి ఇన్‌డిజైన్‌లోనూ ఈ గొడవ కొంత ఉంది. వేగం కోసం అది మామూలుగా బొమ్మ నకలునే చూపిస్తుంది. వ్యూ మెనూలో డిస్‌ప్లే పెర్ఫార్మెన్స్‌ను హై క్వాలిటీకి మారిస్తే అసలుది చదివి చూపిస్తుంది. అప్పుడు పళ్ళు పోతే రోగం లేనట్టే. లింకు తెగిన బొమ్మ అయితే సంగతి వేరు. అసలు ఫైలు ఏ పెన్‌డ్రైవ్‌లోనో ఉండిపోతుంది, పేజీలో నకలు మాత్రమే మిగులుతుంది, హెచ్చరికను పట్టించుకోకుండా ఓకే కొడితే నకలే అచ్చవుతుంది.

హై క్వాలిటీలో కూడా పళ్ళుంటే రోగం బొమ్మలోనే ఉంది. వాట్సాప్‌లో వచ్చిన 600 చుక్కల వెడల్పు ఫొటో అనుకోండి. రెండంగుళాల్లో పెడితే అంగుళానికి 300, శుభ్రంగా వస్తుంది. ఆరంగుళాలకు లాగితే 100. ఇక్కడ చుక్కలు పెరగలేదు, ఒక్కొక్కటీ లావెక్కింది. పావు మిల్లీమీటరు పలకలయ్యాయి. ప్లేటు యంత్రం ఒక్కో పలకను 24 వరసల్లో 24 చొప్పున 576 సూక్ష్మ చుక్కలతో ఎంతో శ్రద్ధగా, మూలలు ఏమాత్రం అరగకుండా చెక్కుతుంది. యంత్రం ఎంత గొప్పదైతే మెట్టు అంత స్పష్టం. లింక్స్ పలకలో ఎఫెక్టివ్ పీపీఐ అనే అంకె చూస్తే ఈ సంగతి ముందే తెలిసిపోతుంది. దాన్ని చూడరు, ఫొటోషాప్‌కు వెళ్ళి 72 అని ఉన్నచోట 300 అని కొట్టి వస్తారు. అలా కొడితే ఫొటోషాప్ ఉన్న చుక్కల మధ్య ఊహించి కొత్త చుక్కలు పోస్తుంది. పాలల్లో నీళ్ళు. లీటర్లు పెరుగుతాయి. పంపేవాళ్ళను ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగడం వీటన్నిటికంటే తేలిక.

ఫ్లెక్సీలకు ఈ బాధ లేదు. ఆరు మీటర్ల దూరం నుంచి చూసేదానికి కన్ను విడదీయగలిగేది 1.75 మిల్లీమీటర్లు. నాయకుడి మీసం దగ్గరికెళ్ళి చూస్తే ఇటుకలు పేర్చినట్టుంటుంది, రోడ్డు మీంచి చూస్తే దువ్వినట్టుంటుంది.

ఇక మా గొంగళిపురుగు. కుర్రాడు ఈపీఎస్‌ను జేపెగ్ చేసినప్పుడు ఫొటోషాప్ తన ధర్మం తాను చేసింది. వలయం అంచు వెంట బూడిద పోసింది. తెర మీద నున్నగా కనపడింది అందుకే. ప్రెస్సుకు బూడిద తెలియదు. దాని దగ్గరున్నది నల్ల ఇంకు, ఉంటే ఉంది, లేకపోతే లేదు. బూడిదరంగు కావాలంటే చిన్నా పెద్దా నల్లచుక్కలుగా విడగొట్టి కొట్టాలి. అంగుళానికి 150 వరసల స్క్రీను అనుకుంటే, 2400 యంత్రంలో ఒక్కో చుక్కకు 16కు 16 గడుల చోటు. అంచు వెంట ఒక్క వరస బూడిద ఉందంటే, వలయం చుట్టూ ఒక వరస విడివిడి చుక్కలు పడతాయన్నమాట, వెంట్రుకల్లాగా. లేజర్ కాయితం మీద మేం చూసిన మసక టోనర్ లోపం కాదు, ఇదే. ఆ కాయితం మీద పొడి చెదిరి కలిసిపోయింది, ఆర్ట్ కార్డు మీద ఒక్క చుక్కా కలవలేదు. న్యూస్‌ప్రింట్ మీద కొట్టివుంటే ఇంకు పీల్చుకుని కొంత కప్పేసేది. నాసిరకం కాయితానికి ఉన్న జాలి మంచి కాయితానికి లేదు.

అందుకే నలుపు తెలుపు గీతబొమ్మల్ని, సంతకాల్ని, పాత పుస్తకాల అక్షరాల్ని బూడిదలో 300 దగ్గర స్కాన్ చెయ్యకూడదు. ఛాయలే లేని ఒక బిట్ పద్ధతిలో 1200 దగ్గర చెయ్యాలి. అంచు తెగ్గోసినట్టుంటుంది, తెర మీద చూస్తే భయమేస్తుంది, అచ్చులో కత్తిలా వస్తుంది. పుస్తకం పేరును ఫొటోషాప్‌లో తెలుగులో కొట్టి, నీడలూ మెరుపులూ పెట్టి, జేపెగ్ చేసి తెచ్చేవాళ్ళది కూడా ఇదే తప్పు. వత్తుల సందుల్లో, గుడి వంపుల్లో బూడిద చేరి అక్షరం నాచు పట్టినట్టు వస్తుంది. ఆ పేరును పేజీలోనే ఫాంటుగా కొట్టినా, కోరెల్‌లో కర్వ్స్ చేసి తెచ్చినా ఆఖరి యంత్రం దాకా అది ఆదేశంగానే ఉంటుంది.

చిన్న ప్రింటర్లకు మధ్యేమార్గం ఒకటి దొరికింది. 1990లో హెచ్‌పీ తన లేజర్‌జెట్ త్రీలో అంగుళానికి 300 చుక్కలే ఉంచి, మెట్టు మూలల్లో పడే చుక్కల సైజును మార్చింది. పెద్ద మెట్టు పక్కన చిన్న చుక్క, పగుల్లో సిమెంటు పూసినట్టు. బూడిద లేకుండానే బూడిద చేసే పని.

మనిషి బొమ్మను వెనకున్న గోడ నుంచి వేరుచేసినప్పుడు వచ్చే పళ్ళు ఇంకో కథ. మ్యాజిక్ వాండ్‌తో తెల్లగోడను ఎంచి తీసేస్తే కోత పిక్సెళ్ళ గట్లమ్మటే పోతుంది, భుజం మీద మెట్లు దిగుతాయి. ఇన్‌డిజైన్‌లో డిటెక్ట్ ఎడ్జెస్ అని ఒక సదుపాయముంది, హడావుడిగా ఉన్నప్పుడు అందరికీ అదే దిక్కు. ఫలితం ఎలక కొరికినట్టుంటుంది. పెన్ను టూల్‌తో దారి గీసి క్లిప్పింగ్ పాత్‌గా దాస్తే అది వంపు కాబట్టి, ఆఖరి యంత్రంలో నున్నగా తెగుతుంది. అక్కడ కూడా ఫ్లాట్‌నెస్ అనే అంకెను తెలియక పెద్దది పెడితే వంపును పొడుగాటి తిన్నని ముక్కలుగా విరిచేసి గుండ్రటి బుగ్గను పలకలుదేరుస్తుంది. జుట్టు మాత్రం ఏ పెన్నుకూ లొంగదు. కత్తెర అవునంటుంది, లేదా కాదంటుంది. వెంట్రుక కొస సగం ఉంది, సగం లేదు. ఆ సగాన్ని రాసుకోవడానికే ఎడ్ క్యాట్‌మల్, పైన చెప్పిన ఆల్వీ రే స్మిత్ 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్ఫా చానల్ కనిపెట్టారు. ప్రతి చుక్కకూ రంగుతోపాటు, ఆ చుక్క ఎంత వరకు ఉన్నట్టు అనే అంకె. పేజ్‌మేకర్‌కు ఆ భాష రాలేదు. 2002లో వచ్చిన ఇన్‌డిజైన్ రెండో వెర్షన్‌కు వచ్చింది. అంతకుముందు అట్టల మీద పెద్దమనుషుల క్రాఫులన్నీ కొబ్బరిచిప్ప బోర్లించినట్టు ఎందుకుండేవో ఇప్పుడు మీకు తెలిసింది.

స్వర్ణోత్సవం తర్వాత మూడేళ్ళకు గ్రంథాలయం పుస్తకాల జాబితా అచ్చు వెయ్యాల్సి వచ్చింది. మాస్టారు బీరువా వెతికి అదే సీడీ తెచ్చారు. అదే షాపు. కుర్రాడు ఈపీఎస్‌ను అలాగే పేజీలో పెట్టాడు. తెర మీద వలయం రంపంలా ఉంది. మాస్టారు చూశారు, నేను చూశాను, ప్రింటు తియ్యమని ఈసారి ఎవరూ అడగలేదు. మర్నాడు ఫిల్ము తీసేచోట మాస్టారు ఆ ఫిల్మును ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుని, జేబులోంచి భూతద్దం తీసి వలయం చుట్టూ నెమ్మదిగా తిప్పారు. నెత్తి మీద ఆగారు, అడుగున ఆగారు, అటూ ఇటూ ఆగారు.

"ఇది ముందు తెచ్చిన సీడీలోదేనా?"

"అదే మాస్టారూ."

భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "మరి ఆ వెయ్యి కాపీలూ..." అని ఆగి, ఫిల్మును కవర్లో జాగ్రత్తగా దోపి కుర్రాడి చేతికిచ్చారు.